హారన్ పిన్ని వాంగ్మూలం

శనివారం మధ్యాహ్నాలు చెప్పుల దుకాణం మీద, ఒక చిన్న సంస్థ ఆఫీసున్న రెండు గదుల్లో కొత్తవాళ్లకు పాఠం జరిగేది. చెప్పేది పంతులమ్మ. ఆవిడ ఏ బడిలోనూ ఏనాడూ పనిచేసిన మనిషి కాదు. తప్పు మాట్లాడినవాళ్లను కళ్లద్దాల పైనుంచి చూసే ఆ చూపు వల్ల ఆఫీసువాళ్లు ఆ పేరు పెట్టారు, అదే ఖాయమైపోయింది. కింది దుకాణం నుంచి తోలు వాసనా జిగురు వాసనా మెట్లెక్కి వచ్చి కూర్చునేవి. వానలకు గోడలు చెమ్మపట్టి, అంటించిన కాగితాలు ఒక్కొక్కటే ఊడి పడుతుండేవి.

ఆ సంస్థ చేసే పనేమిటో పంతులమ్మ సొంత ఆడపడుచుకే అర్థం కాలేదు. "ఇంటర్నెట్‌లో మామూలు జనానికి అన్యాయం జరక్కుండా, కాపీరైటు చట్టం డబ్బున్నవాడి చుట్టమైపోకుండా, చట్టాలు చేసేవాళ్లకి చెబుతూ ఉంటాం వదినా" అని ఓసారి విడమరిచి చెప్పింది. "చెబితే వింటారా?" అని ఆవిడ ఒక్కమాట అడిగి తన పనిలో పడింది. అయినా పంతులమ్మ ఏళ్లు గడిచినా శనివారం శనివారం మెట్లెక్కుతూనే ఉంది.

ఆ ఏడాది కొత్త కాపీరైటు బిల్లు వచ్చింది. "ఇది నా పుస్తకం, నన్నడక్కుండా పెట్టారు" అని ఎవరైనా ఒక ఫిర్యాదు పడేస్తే చాలు, వెబ్‌సైటువాళ్లు ముందు తీసెయ్యాలి, మంచిచెడ్డలు తర్వాత. పెద్ద కంపెనీలు ఎలాగూ ఆ పనే చేస్తున్నాయి, బిల్లు దానికి ముద్ర వేస్తోందంతే. సంస్థ పట్టుబట్టింది ఒక్క మినహాయింపు కోసం. చూపు లేనివాళ్ల కోసం ఎవరైనా పుస్తకం చదివి, రికార్డు చేసి పంచితే అది దొంగతనం కాదని బిల్లులో రాయాలి. చట్టసభ కమిటీ ఒకటి కూర్చుని జనం మాట వింటానంది. ఆ మాట చెప్పే జనాన్ని తయారుచేయడమే శనివారం పాఠం.

పంతులమ్మకు తనదంటూ ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్లు వస్తూనే సెక్షన్లూ క్లాజులూ వల్లిస్తే అక్కడే ఆపేసేది. "అవి లాయర్లు చూసుకుంటారు. మీరు చట్టం మాట్లాడితే కమిటీవాళ్లు గడియారం చూస్తారు. మీ ఇంట్లో జరిగింది చెప్పండి, తలెత్తి మీ మొహం చూస్తారు. అదీ వివరంగా చెప్పాలి. వివరం లేకపోతే కట్టుకథ అంటారు" అనేది. ఒక్కొక్కరి చేతా మళ్లీ మళ్లీ చెప్పించి, పనికిరానిది తీసేసి, పనికొచ్చేది నిలబెట్టేసరికి వాళ్ల బతుకు వాళ్లకే కొత్తగా వినపడేది. ఈ విద్య మీద ఆవిడకు గర్వం ఉండేది. చేతనైన పని ఒకటి ఉన్నవాళ్లకు ఆమాత్రం ఉండనే ఉంటుంది. కాకపోతే గర్వం వచ్చిన చోట కళ్లు నెత్తికెక్కడానికి ఎంతోసేపు పట్టదు.

అలాంటి ఒక శనివారం కండక్టరమ్మ వచ్చింది. డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, యూనిఫాం తడిసి ఉంది, టికెట్ల సంచీ ఇంకా భుజానికే ఉంది. వెనక బెంచీ చివర కూర్చుని అందరి మాటలూ వింది. తన వంతు రాగానే లేచి నిలబడి నోరు తెరిచేసరికి ముందు బెంచీలోవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"బస్సు కండక్టర్ని మేడం. వెనక సీటువాడికి వినపడేట్టు అరవడం తప్ప నాకు మాట్లాడటం రాదు, ఏమనుకోకండి. మా అమ్మాయికి చూపు లేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది. చదువులో మాత్రం గట్టిది. ఈసారి కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పుస్తకాలు వినడానికి ఎక్కడా దొరకవు. అచ్చేసినవాళ్లకి రాస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇక లాభం లేదని డ్యూటీ దిగాక డిపోలో విశ్రాంతి గదిలో కూర్చుని నేనే చదివి ఫోన్లో రికార్డు చేస్తున్నా. బొమ్మ వస్తే ఆ బొమ్మ ఎలా ఉందో కూడా చెబుతా. ఇంటర్నెట్‌లో ఛానల్ పెట్టా. మా పిల్ల కోసమే పెట్టా, ఇప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో వింటున్నారు. వెనకాల బస్సుల హారన్లు వినపడతాయని నాకు హారన్ పిన్ని అని పేరు పెట్టారు, వెధవలు."

గది గొల్లున నవ్వింది. కండక్టరమ్మ కూడా నవ్వి కూర్చుంది. పంతులమ్మ నవ్వలేదు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది, ఎక్కడ జారిపోతుందో అని ఆవిడ భయం. ఆ క్షణంలో ఆవిడకు ఎంతో సంతోషం కలిగింది. అందులో ఆ తల్లి మీద ఇష్టమెంతో, దొరికిన కథ మీద ఇష్టమెంతో విడదీసి చూసుకోలేదు.

ఆ తర్వాతి వారాల్లో కండక్టరమ్మను కూర్చోబెట్టి వాంగ్మూలం తయారుచేసింది. రాసింది పంతులమ్మ, చెప్పింది కండక్టరమ్మ. "ఇంటర్నెట్‌లో పెట్టాను అంటే చాలదా మేడం?" అని కండక్టరమ్మ అడిగింది.

"చాలదమ్మా. ఏ పుస్తకం, ఎవరు వేసింది, మీ ఛానల్ పేరేంటి, అన్నీ చెప్పాలి. లేకపోతే అవతలివాళ్లు ఇదంతా కల్పితం అంటారు."

"చెబితే నా మెడకి చుట్టుకోదు కదా? చదివింది వాళ్ల పుస్తకాలే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే వెళ్లి నేనే చేశానని చెప్పడమేంటి?"

పంతులమ్మ పక్కగదిలో ఉన్న లాయరును పిలిచి అడిగింది. అతను కాగితాల్లోంచి తలెత్తకుండానే, కమిటీ ముందు చెప్పిన మాట మీద ఎవరూ కేసు పెట్టడానికి లేదని, ఆ మాటకు రక్షణ ఉందని చెప్పాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమే. "విన్నారుగా, మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు" అంది పంతులమ్మ. కండక్టరమ్మ నమ్మింది. నమ్మకేం చేస్తుంది, ఇంత చదువుకున్నవాళ్లు ఇద్దరు చెబుతుంటే. చివరి వాక్యం పంతులమ్మే అల్లింది: "ఈ పాఠాలు వింటూ నా కూతురు ఈ ఏడాది పరీక్షకు సిద్ధమవుతోంది." చదివి వినిపిస్తే కండక్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

కమిటీ ముందు కండక్టరమ్మ అదరగొట్టింది. మైకు వద్దంది. నిద్రమొహం పెట్టుకున్న సభ్యులు నిజంగానే తలెత్తి చూశారు. హారన్ పిన్ని అని ఛానల్ పేరు చెప్పినప్పుడు ఒకాయన నవ్వాడు కూడా. ప్రచురణకర్తల తరఫున వచ్చిన నీలం కోటాయన మాత్రం నవ్వలేదు, ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చాక తనే దగ్గరికొచ్చి, "చాలా బాగా చెప్పారమ్మా" అని నమస్కారం పెట్టి వెళ్లాడు. ఎంత మర్యాదస్తుడో అని కండక్టరమ్మ ముచ్చటపడింది.

ఆ వారం తిరక్కుండానే ఛానల్ పోయింది.

కండక్టరమ్మ ఫోన్ చెయ్యలేదు, మనిషే వచ్చింది. బస్సును టెర్మినల్‌లో వదిలి, మధ్యలో దొరికిన కాస్త తీరికలో మెట్లు పరుగున ఎక్కింది. ఫోన్ తీసి పంతులమ్మ చేతిలో పెట్టింది. తెర మీద తెల్లటి ఖాళీ, మధ్యలో ఒక్క వాక్యం. హక్కుదారు ఫిర్యాదు మేరకు ఈ ఛానల్‌ను తొలగించడమైనది.

"ఇంకోచోట దాచి ఉంటారు కదా?" అంది పంతులమ్మ.

"ఫోన్లో చోటేదీ మేడం? పెట్టింది పెట్టినట్టు చెరిపేసేదాన్ని. అక్కడుంటాయిగా అనుకున్నా. ఇంటర్నెట్‌లో పెట్టింది ఎక్కడికీ పోదంటారుగా అందరూ."

పంతులమ్మ లాయరు దగ్గరికి వెళ్లింది. అతను చదివి, పెదవి విరిచాడు. ఆమె చెప్పిన మాట మీద ఎవరూ కేసు పెట్టలేదు, పెట్టలేరు కూడా. కానీ ఆ మాట విని వెళ్లి, ఛానల్ వెతికి, ఫిర్యాదు చేయడాన్ని ఎవరూ ఆపలేరు. మాటకుంది రక్షణ, పాఠాలకు లేదు. "నన్ను అడిగింది మాట గురించే కదా" అన్నాడతను. తప్పు అతని మీదకు నెట్టడానికి కూడా సందు దొరకలేదు. ఎన్నో ఏళ్లుగా ఇదే చట్టంతో కుస్తీ పడుతున్న పంతులమ్మకు, ఫిర్యాదు చేస్తే తీసేస్తారని కొత్తవాళ్లకు బోర్డు మీద రాసి మరీ చెప్పే మనిషికి, ఆ ఫిర్యాదు ఇక్కణ్నుంచే పుడుతుందని తట్టలేదు. అందరికీ ఈత నేర్పే మనిషి ఆ తల్లిని తన చేత్తోనే నీళ్లలోకి తోసింది.

వెబ్‌సైటు కంపెనీకి అప్పీలు పెట్టుకోవచ్చు గానీ, ఆ పుస్తకాల మీద నాకు హక్కుందని ప్రమాణం చేసి ఇవ్వాలి. "లేనిది ఉందని ఎలా రాసిచ్చేది మేడం?" అంది కండక్టరమ్మ. పాఠాలు విన్న పిల్లల్లో ఎవరైనా దాచుకున్నారేమో అడుగుదామంటే, వాళ్లందరూ ఉన్నది ఆ ఛానల్లోనే. వాళ్ల పేర్లు కూడా దాంతోపాటే పోయాయి. ఆవిడ ఫోన్ తీసుకుని సంచీలో పెట్టుకుని, బస్సు టైమైందని వెళ్లిపోయింది. ఒక్క పరుషమైన మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండునని పంతులమ్మకు అనిపించింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో పంతులమ్మను మించినవాళ్లు లేరు. శనివారం వచ్చే కొత్తవాళ్లకు తలా ఒక అధ్యాయం పంచి, రికార్డు చేయించి, తనూ ఒకటి చదివి, ఈసారి ఇంటర్నెట్ జోలికి పోకుండా తనే తీసుకెళ్లి ఇచ్చింది. అమ్మాయి ఓపిగ్గా వింది. మేడ మెట్ల కింద ఒకటిన్నర గది ఇల్లు వాళ్లది. కిటికీ పక్కన మంచం, మంచం మీద అమ్మాయి, గోడకు తల ఆనించుకుని.

"బాగా చదివారు మేడం. కానీ బొమ్మ రాగానే 'బొమ్మ చూడండి' అని వెళ్లిపోతున్నారు."

పంతులమ్మ తను చదివిన అధ్యాయం మళ్లీ చదివింది. గుండె బొమ్మ దగ్గర ఆగి, ఏ గొట్టం ఎటు పోతోందో చెప్పబోయి తడబడింది. అమ్మాయే సర్దిచెప్పింది. "అమ్మకి కూడా మొదట్లో రాలేదులెండి. బస్సు రూట్లు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది." కొత్తవాళ్లలో సగంమంది రెండో అధ్యాయానికే మొహం చాటేశారు.

కండక్టరమ్మ మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. పొద్దంతా బస్సులో అరిచి, సాయంత్రం ఇంటికొచ్చి చదివేది. కొన్నాళ్లకు గొంతు బొంగురుపోయింది, తర్వాత మాటలో గాలే ఎక్కువైంది. డాక్టరు చూసి, డ్యూటీలో ఎలాగూ తప్పదు కాబట్టి ఇంట్లో నోరు విప్పొద్దన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. సిలబస్‌లో సగం కూడా కాకముందే పరీక్ష ముంచుకొచ్చింది. అమ్మాయి ఈ ఏడాదికి రాయనని చెప్పేసింది. చెప్పిన రోజు ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదని పంతులమ్మ ఆఫీసులో చెప్పింది. చెప్పి తనే ఏడ్చింది.

పంతులమ్మకు ఒక దారి తెలుసు. కమిటీ నివేదిక పెట్టేదాకా, వాంగ్మూలం ఇచ్చినవాళ్లు అదనంగా ఏదైనా చెప్పుకోవచ్చు. ఛానల్ పోయిందని, మీ ముందు చెప్పినందుకే పోయిందని ఆవిడ చేత మళ్లీ చెప్పించాలని, సంస్థ నడిపే పెద్దాయనను అడిగింది.

పెద్దాయన చెడ్డవాడు కాదు. బిల్లు కోసం రెండేళ్లుగా నిద్ర కాచిన మనిషి. అందుకే వద్దన్నాడు. "ఇప్పుడా? 'చూశారా, ఆవిడది చట్టవిరుద్ధమని కంపెనీయే తేల్చింది' అంటాడు ఆ నీలం కోటువాడు. గెలిచే ఆట చెడగొట్టుకుంటామా? ముందు మినహాయింపు రానీ. వచ్చాక ఆవిడ మళ్లీ పెట్టుకుంటుంది, దర్జాగా."

పంతులమ్మ కళ్లద్దాల పైనుంచి ఆయన్ని చూసింది. చూసి, "సరే" అంది. వాదిస్తే గెలిచేదేమో. వాదించలేదు. ఆయన మాటలో న్యాయం ఉందని తనకు తను చెప్పుకుంది. ఇంకోసారి కండక్టరమ్మ ఎదురుగా కూర్చుని 'చెప్పండమ్మా' అనాల్సిన పని తప్పిందని లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి గురించి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

నివేదిక వచ్చింది. మినహాయింపు ఇచ్చారు. ఆఫీసులో కేకు కోశారు, పెద్దాయన అందరి భుజాలూ తట్టాడు. పంతులమ్మ మాత్రం కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చదివింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. చూపు లేనివాళ్ల కోసం చదివి పంచే హక్కు రిజిస్టరైన సంస్థలకే. మామూలు మనుషులకు లేదు. ఎందుకు లేదో కింద కారణం రాశారు. ఆ పేరా చదివాక ఆవిడ తన కేకు ముక్కను కిటికీ గట్టు మీద పెట్టేసింది. మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని కండక్టరమ్మ ఇంటికి వెళ్లింది. పేపర్లో చూసి తెలుసుకునే కన్నా తన నోట వినడం నయమనుకుంది.

మధ్యాహ్నం వేళ. కండక్టరమ్మ ఇంకా డ్యూటీ దిగలేదు. అమ్మాయి ఆరిన బట్టలు ఒళ్లో పెట్టుకుని మడతపెడుతోంది. సంగతి విని చేతులాపింది.

"అంటే అమ్మ మళ్లీ పెట్టుకోవచ్చా?"

"లేదమ్మా. సంస్థలకే ఇచ్చారు."

"అమ్మ చెప్పింది వాళ్లకి నచ్చలేదా?"

"నచ్చింది. రిపోర్టులో మీ అమ్మ మాటలే ఎత్తి రాశారు."

"చదవండి."

పంతులమ్మ చదివింది. "ఒక తల్లి తన సొంత ఛానల్ ద్వారా ఎందరో విద్యార్థులకు పాఠాలు అందిస్తున్నారు. ఆమె కుమార్తె ఆ పాఠాలు వింటూ ఈ ఏడాది పరీక్షకు సిద్ధమవుతోంది. దీన్నిబట్టి వ్యక్తులు చేసే ఇటువంటి సేవకు ప్రస్తుతం ఆటంకమేదీ లేదని కమిటీ భావిస్తోంది. కనుక వ్యక్తులకు ప్రత్యేక మినహాయింపు అవసరం లేదు."

అమ్మాయి ఒళ్లో ఉన్న చొక్కా మడత విప్పి, మళ్లీ అదే మడత పెట్టింది.

"మా పాఠాలు తీసేశారని వాళ్లకి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"చెప్పడానికి వీల్లేదా?"

"వీలుంది. మేమే వద్దనుకున్నాం. చెబితే అసలుకే మోసం వస్తుందని భయపడ్డాం. నేనూ సరేనన్నాను."

"ఇప్పుడు దిద్దించొచ్చా?"

"సభలో పెట్టేశారమ్మా. ఇక దిద్దరు."

"అమ్మ పాఠాలు ఒక్క ఫిర్యాదుకి తీసేశారు" అంది అమ్మాయి, గొంతు పెంచకుండా. "నా గురించి రాసిన అబద్ధం మాత్రం ఎవరు చెప్పినా తియ్యరన్నమాట."

పంతులమ్మకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ పిల్లకు కనపడదని తెలిసి కూడా మొహం పక్కకు తిప్పుకుంది. ఇంతలో మెట్ల దగ్గర చెప్పుల చప్పుడైంది. అమ్మాయి గబుక్కున చెయ్యి చాపి, పంతులమ్మ మోచెయ్యి దొరకబుచ్చుకుంది.

"ఆ పేరా అమ్మకి చదవకండి మేడం. మినహాయింపు వచ్చిందని మాత్రం చెప్పండి. చాలు."

కండక్టరమ్మ లోపలికొచ్చింది. పంతులమ్మను చూసి మొహం విప్పారింది. చేతిలో కాగితాలు చూసి, ఏమైందన్నట్టు చేత్తో అడిగింది. మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు కదా, డ్యూటీలో అరిచి వచ్చాక ఇంట్లో ఆవిడకు సైగలే మిగిలాయి.

అమ్మాయి వేళ్లు మోచేతి మీద బిగుసుకున్నాయి. వచ్చిందమ్మా అనేసి వెళ్లిపోవచ్చు. ఆ మాటతో ఆ తల్లి ఈ పూట సంతోషంగా పడుకుంటుంది. కానీ దాచిపెట్టడం ఒకసారి చేసి చూసిందే, అది ఏమైందో చేతిలో కాగితాల మీద అచ్చై ఉంది. పంతులమ్మ కూర్చోమంది. ఆ పేరా మొదటి నుంచి చివరిదాకా చదివింది. చెప్పే వీలుండి కూడా తాము కమిటీకి చెప్పలేదని, అందులో తనకూ వాటా ఉందని, అది కూడా చెప్పింది.

కండక్టరమ్మ అంతా వింది. భుజం మీది సంచీ తీసి నేలమీద పెట్టింది. కూతురి వైపు చూసి, తర్వాత పంతులమ్మ వైపు తిరిగింది. కోపం లేదు ఆ చూపులో. అర్థం కానిదేదో ఉంది. సైగలు మానేసి, గాలీ మాటా కలిసిన గొంతుతో, దగ్గరికి వంగితే గాని వినపడనంత మెల్లగా అంది.

"నన్ను పిలవాల్సింది కదా మేడం. ఆ ఒక్కరోజుకి గొంతు దాచుకుని వచ్చేదాన్ని."